సేఠ్ షెడ్డులో రెండు బండ్లు

మొయినాబాద్,
12 జూన్ 2006.

మామకు శశిధర్ దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి తప్ప కొత్త బాధలేవీ లేవు. నీ చెవుల సంగతి అడగమంది. ఫోను చేస్తే నీకు వినపడదు. నువ్వు "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తావు, ఆ తరువాత అమ్మ దినమంతా ఏడుస్తుంది. అందుకే ఈ ఉత్తరం. పదో తరగతి పరీక్ష తరువాత ఇంత తెలుగు రాయడం నాకు ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకో.

మోకిల దగ్గర మనం వేసిన వెంచర్లో ప్లాట్లన్నీ అయిపోయాయి. కొన్నవాళ్లలో ముప్పాతిక మంది సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఆదివారం వస్తారు, వాళ్లలో వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, నా వైపు తిరిగి మాత్రం తెలుగులో నీళ్లు ఎక్కడ పడతాయని అడుగుతారు. వాళ్లలో ఆనంద్‌కుమార్ అని ఒకాయన ఉన్నాడు. మాదాపూర్‌లో కంపెనీ, చేవెళ్ల తోవలో ఫామ్‌హౌస్. ఆయన దగ్గర మూడు పాత కార్లున్నాయి. అట్లాంటివాళ్లంతా కలిసి ఏటా చలికాలంలో కార్లన్నీ వరుసగా నిలబెట్టి, తరువాత ఊరేగింపులా నడుపుతారు. పోయినసారి నన్నూ పిలిచాడు. చూసిపొమ్మని పిలిచాడు మామా, పక్కన నిలబడమని కాదు. నా కొత్త స్కార్పియోను గేటు బయట పెట్టించారు.

ఈసారి నేనూ ఒక బండితో లోపలికి పోవాలనుకుంటున్నాను. గోషామహల్‌లో రామేశ్వర్ సేఠ్ షెడ్డు నీకు తెలిసిందే. పదేళ్లు అక్కడే పనిచేశావట కదా. సేఠ్ పోయాడు. కొడుకు షెడ్డు ఖాళీ చేస్తూ రెండు బండ్లు అమ్ముతున్నాడు. ఒకటి 1952 నాటి జాగ్వార్ ఎక్స్‌కే 120, రెండోది 1958 నాటి మెర్సిడెస్ 190 ఎస్‌ఎల్. రెండూ పైకప్పు తీసేసే స్పోర్ట్స్ కార్లే. రెండింటికీ ఇంచుమించు ఒకటే ధర చెబుతున్నాడు. పుణె ప్రభాకర్ అంటే పాత కార్లవాళ్లలో బొంబాయి దాకా తెలియనివాడు లేడని ఆనంద్‌కుమారే చెప్పాడు. నీ అల్లుణ్ణని నేను చెప్పుకున్నాను. ఏది కొనమంటావు?

నీ అల్లుడు,
శశిధర్


పుణె,
21 జూన్ 2006.

చిరంజీవి శశిధర్‌కు మామ ప్రభాకర్ దీవెనలు.

నీ ఉత్తరం చేతికి రాగానే అక్కకు ఏమైందోనని భయపడ్డాను. చదివాక నవ్వొచ్చింది. స్కార్పియోను బయట పెట్టిస్తే ఏమైంది, నిన్ను లోపలికి పిలిచారు కదా.

అడిగావు కాబట్టి మొదట కంపెనీ నుంచి వచ్చిన బండ్ల గురించి చెబుతాను, సేఠ్ షెడ్డులోని వాటి గురించి తరువాత. ఎక్స్‌కే 120 ముందు భాగం అంత పొడుగు ఎందుకంటే, దాని కింద ఆరు సిలిండర్ల ఇంజన్ పడుకుని ఉంటుంది. గంటకు నూట ఇరవై మైళ్లు పోతుందనే ఆ పేరు. నడిపేవాడు దాదాపు వెనుక చక్రాల మీద కూర్చున్నట్టే. తలుపుకు బయట పిడి ఉండదు, చేయి లోపలికి పెట్టి తాడు లాగాలి. కిటికీలకు అద్దాలుండవు. మొదటి గేరు మొండిది. వేగంలో రెండుసార్లు గట్టిగా తొక్కితే బ్రేకులు కాగిపోయి, మూడోసారి దేవుణ్ణి తలుచుకోమంటాయి. ఇన్ని ఉన్నా, దాన్ని చూసినవాడు మాట మధ్యలో ఆపేస్తాడు. నా చెవులు బాగున్న రోజుల్లో కళ్లు మూసుకుని ఆ ఇంజన్ విని ఏ సిలిండర్ అలిగిందో చెప్పేవాణ్ణి. నా చెవులు పోగొట్టినవి అట్లాంటి ఇంజన్లే అనుకుంటాను.

190 ఎస్‌ఎల్ వేరే మనిషి. దానికి 300 ఎస్‌ఎల్ అని ఒక అక్క ఉంది, ప్రపంచమంతా ఎరిగిన అందగత్తె. ఇది అక్క చీర కట్టుకున్న చెల్లెలు. లోపల నాలుగే సిలిండర్లు. రెండు కార్బురేటర్లు ఒకదానితో ఒకటి సఖ్యంగా ఉండవు, నెలకోసారి రాజీ కుదర్చాలి. పందెంలో జాగ్వార్ వెనుక దుమ్ము తింటుంది. కానీ తలుపులు, బానెటు, డిక్కీ మూత అల్యూమినియం, తుప్పు పట్టవు. చూసుకోవలసింది కింది తట్టు రేకు ఒక్కటే. అద్దాలు పైకీ కిందికీ తిరుగుతాయి, సీటు కుర్చీలా ఉంటుంది. బీదర్ పోయి అదే రోజు నడుం నొప్పి లేకుండా తిరిగి రావచ్చు.

సేకరించేవాళ్ల లెక్కలో జాగ్వార్‌ది ఒక మెట్టు పైన. కానీ వాళ్లు ముందు చూసేది అందం కాదు. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బాడీ నంబరు, అన్నీ పుట్టినప్పుడు ఒకే బండివేనా అని చూస్తారు.

ఇక సేఠ్ దగ్గరున్న రెండింట్లో నువ్వు మెర్సిడెస్ తీసుకో. ఆ జాగ్వార్ జోలికి పోకు. పార్టులు దొరకవు, అక్క మోకాళ్లతో అందులోకి దిగలేదు. ఇంతకన్నా నన్ను అడగకు.

మామ,
ప్రభాకర్


మొయినాబాద్,
3 జూలై 2006.

మామకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడు పేజీలు జాగ్వార్‌ను పొగిడి, చివర నాలుగు ముక్కల్లో వద్దన్నావు. అమ్మ మోకాళ్ల కోసం ఎవరైనా స్పోర్ట్స్ కారు ఎంచుకుంటారా?

పోయిన వారం షెడ్డుకు పోయాను. సేఠ్ కొడుకుకు నీ మాట చెబితే నవ్వాడు. "మీ మామ మా నాయనతోని పంచాది పెట్టుకొని పోయిండు. ఆ కోపం ఇంక పోలేదా?" అన్నాడు. మెర్సిడెస్ స్టీరింగ్ ఎడమవైపు ఉంది. ఆ సంగతి నువ్వు ఎందుకు రాయలేదు? చేవెళ్ల తోవలో లారీని దాటాలంటే పక్కన కూర్చున్నవాణ్ణి అడగాలి.

ఇంకో మాట. రాయకూడదనుకున్నాను. ముడిమ్యాల భూమి నువ్వు మా బాపుకు అమ్మినప్పుడు ఊళ్లో ఉన్న ధరే ఇచ్చాడు. అత్త దవాఖాన ఖర్చులకు నువ్వే తొందరపడ్డావు. తరువాత ఐటీ వాళ్లు వస్తారని, రింగురోడ్డు వస్తుందని బాపు కలగన్నాడా? ఇప్పుడు నేను నాలుగు రూకలు చూస్తున్నానని నీకు కష్టంగా ఉంటే ఆ మాటే చెప్పు. పెద్ద బండి వద్దు, చిన్న బండి చాలు అని తిప్పి చెప్పడం దేనికి?

కోపం తెచ్చుకోకు. నిజమైన కారణం ఏదైనా ఉంటే రాయి, వింటాను.

శశిధర్


పుణె,
12 జూలై 2006.

శశిధర్‌కు,

భూమి సంగతి నా మనసులో లేదు. మీ అత్త పోయాక దాని వైపు మళ్లీ చూడలేదు. నువ్వు గుర్తు చేశావు కాబట్టి ఈ వారం రోజులూ అదే గుర్తుంది.

కారణం ఉంది. కాగితం మీద పెట్టేది కాదు. సేఠ్ పోయాడు, నాతో ఆ పని చేసిన మనిషీ పోయాడు. ఇన్నేళ్లు నోట రానిది ఇప్పుడు చేతికి రావడం లేదు. నా మాట మీద నమ్మకం ఉంటే మెర్సిడెస్ కొను. లేదా రెండూ వదిలెయ్. స్టీరింగ్ ఎడమవైపు ఉన్న మాట మరచిపోయాను, అది నా తప్పే.

ప్రభాకర్


మొయినాబాద్,
10 ఆగస్టు 2006.

మామకు దండాలు.

అప్పుడు రాసిన ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తే నన్ను తిట్టింది. ఒక్కగానొక్క తమ్ముణ్ణి ఇట్లా అంటావా అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పయింది మామా. మనసులో పెట్టుకోకు.

శ్రావణ శుక్రవారం మంచిదని ఎర్రబండి ఇంటికి తెచ్చాం. ఇక రెండో ఆలోచన లేదు, కాగితాలు కూడా నా పేరు మీదికి మారాయి. చిల్కూరు గుడికి తీసుకుపోయి పూజ చేయించుకుని వచ్చాం. ఊళ్లో వాళ్లంతా వచ్చి చూసిపోతున్నారు. నీ చేయి పడిన బండి అని అందరికీ చెబుతున్నాను. నువ్వు ఒక మంచి మాట రాస్తేనే నాకు తృప్తి. ఆనంద్‌కుమార్ కూడా నువ్వేమన్నావని అడుగుతున్నాడు.

నీ అల్లుడు,
శశిధర్


పుణె,
19 ఆగస్టు 2006.

చిరంజీవి శశిధర్‌కు మామ దీవెనలు.

ఎర్రబండి తెచ్చావని చదివి నా గుండె మీది బరువు దిగింది. నీకు పట్టుదల ఎక్కువని భయపడ్డాను. అక్క కడుపున పుట్టినవాడివి, చివరికి పెద్దల మాట విన్నావు.

ఇప్పుడు నిశ్చింతగా చెబుతున్నాను, విను. రామేశ్వర్ సేఠ్ షెడ్డులో ఆ ఎర్రబండిని నేను నట్టు నట్టు విప్పి, కడిగి, మళ్లీ బిగించాను. ఏడు నెలలు పట్టింది. చాసిస్ మీదా ఇంజన్ మీదా ఉన్న నంబర్లు పుట్టినప్పటివే, నేను స్వయంగా చూశాను. దాని కింద దాచిన లోపం ఒక్కటి కూడా లేదు. ఎంత దూరమైనా, ఎంత వేగమైనా ధైర్యంగా నడపవచ్చు. నా నలభై ఏళ్ల పని మీద ఒట్టు వేసి రాస్తున్నాను. ఎవరైనా అడిగితే ఈ ఉత్తరమే చూపించు.

అక్కను పక్కన కూర్చోబెట్టుకుని అనంతగిరి దాకా తీసుకుపో. చిన్నప్పుడు మా నాయన ఎడ్లబండి మీద వికారాబాద్ పోతుంటే, ఇంకా ఉరికించమని గోల చేసేది తనే.

నీ మామ,
ప్రభాకర్


మొయినాబాద్,
30 ఆగస్టు 2006.

మామకు దండాలు.

నీ ఉత్తరం చదివి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కోపం మరచి ఇంత పెద్ద మనసుతో రాస్తావనుకోలేదు. మొదట వద్దన్నా, కొన్నాక ఆ బండి నీ చేతి పని అని ఒప్పుకున్నావు. అది చాలు.

నువ్వు చెప్పినట్టే అమ్మను అనంతగిరి తీసుకుపోయాను. వికారాబాద్ దాటాక తోవ ఖాళీగా ఉంటే కొంచెం తొక్కాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు సీట్ల కింద నుంచి కిర్రుమని చప్పుడు వచ్చింది. పాత బండి కదా అనుకున్నాను. ఫోటో పెడుతున్నాను, చూడు. దొరసాని లాగా లేదూ?

శశిధర్


పుణె,
7 సెప్టెంబరు 2006.

శశిధర్‌కు,

ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి ఆ బండి తాళం ఎవరికీ ఇవ్వకు. నువ్వూ ఎక్కకు. అక్కను అసలే ఎక్కించకు. మిగతాది ఆ తరువాత చదువు.

ఫోటోలో అక్క కూర్చున్నది జాగ్వార్. నేనున్న రోజుల్లో షెడ్డులో ఎర్రది మెర్సిడెస్. జాగ్వార్ తెల్లగా ఉండేది. నేను వచ్చేశాక ఎవరు ఏ రంగు వేశారో నాకు తెలియదు. ఎర్రబండి అని నువ్వు రాస్తే నా మాట విని మెర్సిడెస్ కొన్నావనుకున్నాను. నేను ఒట్టు వేసింది మెర్సిడెస్ మీద. ఆ ఉత్తరం చించెయ్.

చేతికి రాలేదన్న సంగతి ఇప్పుడు రాస్తున్నాను. 1974లో సేఠ్ రెండు జాగ్వార్లు తుక్కు ధరకు కొన్నాడు. ఒకటి జహీరాబాద్ దగ్గర లారీకి ఎదురుగా గుద్దుకుని ముందు భాగం నుజ్జయింది. రెండోదాని మీద వెనుక నుంచి బస్సు ఎక్కింది. రెండింటినీ నడుమకు కోసి, మంచి ముందు సగానికి మంచి వెనుక సగం అతికించమన్నాడు. నేనూ, సాముయేలు అనే వెల్డరూ కలిసి అతికించాం. అతుకు సరిగ్గా సీట్ల కింద ఉంటుంది. నంబరు పలక ఒకదానిది, ఇంజన్ ఇంకోదానిది. ఇంజన్ మీది నంబరు గీకి కొత్తది కొట్టింది నేనే.

పని అయ్యాక సాముయేలు దాని కింద చాలాసేపు పడుకుని చూశాడు. బయటికి వచ్చి, "ఇది నిలవడితది అన్నా, ఉరకది. ఉరికిస్తే నడుమ ఇరుగుతది" అన్నాడు. ఆ మాట సేఠ్‌కు చెప్పాను. ఆయన నన్ను హెడ్ మెకానిక్‌ను చేశాడు. నేను నోరు మూసుకున్నాను. పంచాది ఏమీ కాలేదు, ఐదేళ్ల తరువాత ఆ బండి మొఖం చూడలేక వచ్చేశాను. ఆ తరువాత దాన్ని కొన్న జమీందారు పెళ్లిళ్లలో వరుణ్ణి ఊరేగించడానికి మాత్రం వాడాడట, అందుకే ఇన్నేళ్లు ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన పోయాక బండి మళ్లీ షెడ్డుకు చేరింది.

నువ్వు విన్న కిర్రు చప్పుడు అతుకుది.

జూన్‌లోనే రాసి ఉంటే నీకు ఈ నష్టం ఉండేది కాదు. నలుగురిలో నన్ను గొప్పవాణ్ణని చెప్పుకుంటున్నావని, ఆ పేరు పోగొట్టుకోలేక రాయలేదు. బండిని గ్యాసుతో ముక్కలు కోయించు. లేదా చక్రాలు తీసి బొమ్మలా నిలబెట్టు. ఏం చేశావో వెంటనే రాయి.

మామ


మొయినాబాద్,
14 జనవరి 2007.

మామకు,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం చదివాక రెండు దినాలు అన్నం పోలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. సేఠ్ పోయాడు, సాముయేలు పోయాడు, మిగిలింది నువ్వు.

తరువాత తేరుకున్నాను. నీ ఉత్తరం తీసుకుపోయి సేఠ్ కొడుకు ముందు పెట్టాను. పోలీసుల మాట ఎత్తగానే తీసుకున్నదాంట్లో సగం తిరిగి ఇచ్చాడు. వానికి అంతా ఎరుకే.

బండి నేను నడపలేదు, నీ మీద ఒట్టు. డిసెంబరులో కార్లు నిలబెట్టే జాగకు లారీ మీద తీసుకుపోయి పెట్టాను. అందరూ దాని చుట్టే తిరిగారు. ఈసారి గేటు దగ్గర నన్ను ఎవరూ ఆపలేదు. ఆనంద్‌కుమార్ నా భుజం మీద చేయి వేసి ఫోటో దిగాడు. ఆ రోజు నుంచే బండి తనకు కావాలని పట్టుబట్టాడు. నేను అమ్ముతానని పోలేదు. ఆయనే మూడుసార్లు ఇంటికొచ్చాడు, అమ్మ చేతి జొన్నరొట్టె తిన్నాడు. నీ ఆగస్టు ఉత్తరం చూసి ఇంకేమీ అడగలేదు. అది ఫ్రేము కట్టించి ఫామ్‌హౌస్‌లో పెట్టుకున్నాడు.

మెల్లగా నడపమని, ఇంటి చుట్టూ తిప్పుకోమని చెప్పాను. పెద్దవాళ్లు మామా, వాళ్లకు పది కార్లు. ఇది గాజు అద్దాల వెనుక ఉండే బండి. ఇక దీని గురించి ఫికర్ చేయకు. నా కొత్త వెంచర్‌కు ఆయన తన స్టాఫ్‌తో ముప్పై ప్లాట్లు కొనిపిస్తానన్నాడు.

శశిధర్


పుణె,
23 జనవరి 2007.

శశిధర్‌కు,

నీకు చించెయ్యమన్న ఉత్తరం పటం కట్టించి గోడకు వేలాడదీశారా? దాని కింద నా సంతకం ఉంది.

ఆయనకు చెప్పు. నువ్వు చెప్పలేకపోతే ఆయన చిరునామా పంపు, నేను రాస్తాను. పేరు రాశావు, ఫామ్‌హౌస్ అన్నావు, చేవెళ్ల తోవలో వంద ఫామ్‌హౌస్‌లున్నాయి. మెల్లగా నడపమని చెప్పి ఎందుకో చెప్పకపోతే ఎవడైనా మెల్లగా నడుపుతాడా? ఆ బండి ఇంజన్ ఊరుకోదు, తొక్కమని అడుగుతుంది. నాకు తెలుసు.

పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ నీ జవాబు రాకపోతే నేనే బయలుదేరి వస్తాను.

ప్రభాకర్


మొయినాబాద్,
19 ఫిబ్రవరి 2007.

మామకు,

నువ్వు రానవసరం లేదు. అయిపోయింది.

ఈ నెల ఆరో తారీఖు పొద్దున ఆనంద్‌కుమార్ చేవెళ్ల వైపు పోతూ ముడిమ్యాల మలుపు దగ్గర వేగంగా తిప్పాడట. బండి నడుమ కుంగి, స్టీరింగ్ చేతిలోంచి పోయింది. కొత్తిమీర కట్టలు, బంతిపూల గంపలు పెట్టుకుని ఆటో కోసం ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్ల మీదికి పోయింది. మిగతావాళ్లు తప్పించుకున్నారు. మన పాత కౌలుదారు శాంతయ్య లేడూ, వాని భార్య అంతమ్మకు కుడి కాలు మోకాలి కింద తీసేశారు. ఆనంద్‌కుమార్‌కు భుజం ఎముక విరిగింది.

నేను చేయగలిగింది చేశాను. దవాఖాన ఖర్చులు కట్టాను. టైరు పగిలిందని కాగితాల్లో రాయించాం. ఆనంద్‌కుమార్ మొదట నన్ను జైలుకు పంపిస్తానన్నాడు. మోకిలలో రోడ్డు వైపు ప్లాట్లు రెండు రాసిచ్చాక చల్లబడ్డాడు. బండిని ముక్కలు కోయించి తుక్కుకు వేశాం. నువ్వు కోరుకున్నదే.

ఒక్కటే మిగిలింది. నీ సెప్టెంబరు ఉత్తరం నేను కాల్చేశాను. నా ఉత్తరాలు నీ దగ్గర ఉన్నాయి. ముఖ్యంగా జనవరిది. అన్నీ కాల్చెయ్. అమ్మ కూడా ఇదే చెప్పమంది.

నన్ను తప్పు పట్టే ముందు ఒకటి ఆలోచించు. ఆ బండి సంగతి తెలిసి నేను ఊరుకున్నది ఐదు నెలలు. నువ్వు ఊరుకున్నది ముప్పై రెండేళ్లు.

శశిధర్


ముడిమ్యాల,
16 మార్చి 2007.

శశిధర్‌కు,

నీ లెక్క సరైనదే. ముప్పై రెండేళ్లు. దానికి ఇంకో పదిహేను రోజులు కలుపు. జనవరిలో నీ ఉత్తరం చదివిన రోజే నేను రైలెక్కవలసింది. గడువు పెట్టి కూర్చున్నాను. ఆ గడువు ముగియడానికి ఒక రోజు ముందే బండి విరిగింది. గడువు దాటాక కూడా నేను వెంటనే కదల్లేదు.

ఉత్తరాలు కాల్చలేదు. మొన్న పదో తారీఖున దిగి, నేరుగా ఠాణాకు పోయాను. నీవి అన్నీ ఇచ్చాను. నేను నీకు ఏమి రాశానో, 1974లో ఏమి చేశానో నాలుగు కాగితాల నిండా రాసి సంతకం పెట్టాను. నాకు వినపడదని చెబితే ఎస్సై నా కాగితం వెనుకే రాసి చూపించాడు. బండి లేదట, ఇరుపక్షాలు రాజీ పడ్డారట, కేసు మూసేశారట. మళ్లీ తెరిస్తే మొదట లోపల పడేది నేనేనట. పడతానని రాసిచ్చాను. ఆయన కాగితాలన్నీ సొరుగులో వేశాడు. తీసుకున్నట్టు రసీదు ఇవ్వలేదు. పిలుస్తారో లేదో తెలియదు. అందుకే ఇక్కడే ఉంటున్నాను. పాత పాఠశాల వెనుక ఒక అర్ర కిరాయికి దొరికింది.

అక్క నీకు చెప్పిందో లేదో, మొన్న ఇక్కడికి వచ్చింది. కారు దిగలేదు. నేను దగ్గరికి పోతే అద్దం కూడా దించలేదు. దించినా నాకు తేడా లేదు. మనిషి ఎదురుగా ఉంటే నేను పెదవులు చదువుతాను. "నాకు తమ్ముడు లేడు, సచ్చిండు" అంది. రెండుసార్లు అంది, నేను మొదటిసారి పట్టుకోలేదనుకుని. తరువాత కారు తిప్పించుకుని పోయింది. అరవై ఏళ్లలో అక్క నాతో అన్న మాటల్లో నేను తప్పుగా చదివి ఉండాలని కోరుకున్నది ఆ ఒక్కటే.

నిన్న శాంతయ్య ఇంటికి పోయాను. అంతమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. అమ్మడానికి ఇప్పుడు శాంతయ్య పోతున్నాడు, కట్టడం మాత్రం ఆమే. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది. మా అమ్మను తలుచుకుంది, ఆమె పెట్టిన పచ్చడి గురించి చెప్పింది. ఇచ్చిన నీళ్లు నాకు తాగబుద్ధి కాలేదు. జరిగింది మొదటి నుంచి చెప్పాను. గోషామహల్, రెండు బండ్లు, అతుకు, ఉత్తరాలు, ఎరుపు తెలుపుల పొరపాటు, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు కట్టలు కడుతూనే ఉన్నాయి. శాంతయ్య మధ్యలో లేచి వాకిలి దాటి పోయి నిలబడ్డాడు.

నేను ముగించాక ఆమె కొత్తిమీర పక్కన పెట్టింది. నాకు చెవుడని శాంతయ్య ముందే చెప్పినట్టున్నాడు. అందరిలా అరవలేదు. నా గదవ పట్టుకుని మొఖం తన వైపు తిప్పుకుని, మెల్లగా పెదవులు కదిపింది.

"అది రెండు ముక్కల బండి అని నీకు ఎరుకనా?"

"ఎరుకే" అన్నాను.

"అమ్మిన సేఠ్ కొడుక్కు?"

"ఎరుకే."

"నీ అల్లునికి?"

"నేనే రాసిన."

"మరి నడిపినాయనకు?"

"మెల్లగ పొమ్మని చెప్పిండ్రట."

ఆమె ఒళ్లో పడిన ఆకులు దులుపుకుంది. మళ్లీ నా వైపు తిరిగింది.

"అయితే నాకొక్కదానికే తెల్వదన్నట్టు" అంది.

ఆ మాటలో కోపం లేదు శశిధర్. శాపం పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చినందుకు ఏదో ఒకటి దొరికిందనుకునేవాణ్ణి. ఆమె లెక్క సరిచూసుకుంది, అంతే. మళ్లీ కట్టలు కట్టడం మొదలుపెట్టింది. నేను చాలాసేపు కూర్చున్నాను. ఆమె నా వైపు చూడలేదు, పొమ్మని కూడా అనలేదు.

నాకు జవాబు రాయకు. చెప్పవలసింది ఏమైనా ఉంటే ఆమెకు వచ్చి చెప్పు. వాళ్ల ఇల్లు ఊళ్లో ఎవరిని అడిగినా చూపిస్తారు.

ప్రభాకర్